గంగ పొడుగునా ఒక గొంతు

విష్ణు పదహారేళ్లు హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాశాడు. ఏం రాశావని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పడానికి తడుముకునేవాడు. సముద్రాల అవతల ఎక్కడో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఉంది. దాని ఖాతాదారులు ఇల్లు మారితే కొత్త చిరునామా నింపే పేజీ ఒకటుంది. ఆ పేజీ వెనక జరిగే పనిలో ఒక ముక్క అతనిది. ఆ ముక్కనే విప్పి, కుట్టి, మళ్లీ విప్పుతుండగానే పదవులు పెరిగాయి, నెత్తిన వెంట్రుకలు పలచబడ్డాయి. ఆ పేజీ వాడిన మనిషిని ఒక్కరినైనా అతను కళ్లతో చూడలేదు. చూడాలని తోచనూ లేదు.

ఒకనాడు పొద్దున లాప్‌టాప్ తెరిస్తే అది లోపలికి రానివ్వలేదు. మధ్యాహ్నానికి తెలిసింది, ఆ రోజు తనతోపాటు మరెందరినో తీసేశారని. పక్క కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్న స్నేహితుడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అతని కుర్చీ కూడా పోయిందేమో, లేక మిగిలిందని సిగ్గుపడ్డాడేమో.

భార్య వినీత బోధన్‌లో బడి టీచరు. ఇన్నాళ్లూ వారానికోసారి బస్సెక్కి వచ్చిపోయే మొగుడు ఇప్పుడు రోజంతా ఇంట్లోనే ఉండటం ఆమెకూ కొత్తే. కొన్నాళ్ల తర్వాత ఒకరోజు టిఫిన్ డబ్బా సర్దుకుంటూ, "నిజామాబాద్‌ల ఒకామె చిన్న కంపెనీ పెట్టిందట. నువ్వు చేసే పనేనట. పోయి కలిసి రారాదూ" అంది.

"గంత చిన్న జాగల నేనేం చేస్త?" అన్నాడు విష్ణు.

"ఇంట్ల ఏం చేస్తున్నవో గది చెయ్యి" అని ఆమె బడికి వెళ్లిపోయింది.

ఆ కంపెనీ కంఠేశ్వర్‌లో ఒక పిల్లల ఆస్పత్రి పై అంతస్తులో ఉంది. కింద సూది మందు వేసినప్పుడల్లా పైన పనిచేసేవాళ్లకు ఏడుపు వినిపిస్తుంది. యజమాని పేరు రబియా. విష్ణు కన్నా ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో చిన్నది. తాతల నాటి నుంచి ఆ ఊళ్లోనే ఉన్న కుటుంబం. నాన్నకు బజార్లో రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. బెంగుళూరులో మంచి ఉద్యోగం వదిలి వచ్చి ఐదారుగురితో ఈ ఆఫీసు నడుపుతోంది.

"మీరు అనుభవంల మా అందరికంటే పెద్దోళ్లు, విష్ణు భాయ్" అందామె మొదటి రోజే. "కానీ ఈడ పెద్ద కుర్సీ లేదు. అందరికీ ఒకటే టేబుల్. మంచిదేనా?"

"మంచిదే మేడం."

"మేడం అనకుండ్రి. కిందున్న డాక్టర్ మేడం పైకొస్తది."

వాళ్లు అప్పుడు చేస్తున్న పని గోదావరికి సంబంధించినది. ఆ వైపు జనం దాన్ని గంగ అనే అంటారు. పోచంపాడ్ దగ్గర ఆనకట్ట గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగుతుంది. గాలి ఎదురుగా ఉన్నప్పుడు ఆ మోత నది మలుపు దాటి కింది పల్లెలకు చేరదు. అక్కడ బండల మధ్య నిలిచిన నీటిలో చేపలు పట్టేవాళ్లు ఉంటారు, బర్రెలు కడిగేవాళ్లు ఉంటారు, అవతలి ఒడ్డుకు నడిచి దాటేవాళ్లు ఉంటారు. అందుకని నీళ్లు వదిలే ముందు ఒడ్డు పొడుగునా ఉన్నవాళ్లందరి ఫోన్లూ మోగి, మాటలో కబురు చేరాలి. జిల్లా ఆఫీసు వాళ్లు అప్పగించిన పని అది.

విష్ణుతో కలిసి పనిచేయడానికి రబియా అంకితను కూర్చోబెట్టింది. వేల్పూర్ పిల్ల, పసుపు పండించే ఇంటి నుంచి వచ్చింది, చదువు ముగిసి రెండేళ్లయింది. మొదట్లో విష్ణు ఆమెకు పాఠాలు చెప్పాడు. పెద్ద కంపెనీల్లో ఇట్లా చేస్తారు, అట్లా చేయరు అని. ఆమె శ్రద్ధగా విని, "గట్లనా అన్నా, మరి గట్ల చేస్తే ఏమైతది?" అని అడిగేది. కొన్నిసార్లు జవాబు అతని దగ్గర ఉండేది కాదు.

వానాకాలం మొదట్లో తప్పు జరిగింది.

పరీక్ష కోసం కొన్ని నంబర్లు ఉన్నాయి, అవి ఆఫీసు వాళ్ల సొంత ఫోన్లవి. అసలు నంబర్లు వేరే ఉన్నాయి. రెంటినీ ఒక చిన్న మార్పుతో అటూ ఇటూ తిప్పేలా విష్ణు రాశాడు. అంకిత దాన్ని చదివి సరే అంది. ఒక మధ్యాహ్నం అతను పరీక్ష అనుకుని నొక్కింది అసలు వాటికి వెళ్లింది. గేట్లు ఎత్తుతున్నారు, ఒడ్డుకు రండి అనే కబురు, గేట్లన్నీ మూసి ఉన్న రోజున, నది పొడుగునా ఉన్న పల్లెలకు వెళ్లిపోయింది.

కబురు చేరిన ఒక్కో ఫోన్‌కు ఒకటిగా స్క్రీన్ మీద పచ్చ చుక్కలు వరుసగా వెలిగాయి. ఎందుకు వెలుగుతున్నాయో తెలిసి విష్ణు ఆపబోయేలోగా అన్నీ వెలిగిపోయాయి.

రబియా ముందు జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. తర్వాత "పొరపాటు, గేట్లు ఎత్తలేదు" అని రెండో కబురు పంపించింది. తర్వాత అందరినీ టేబుల్ చుట్టూ కూర్చోమంది.

ఏం జరగబోతోందో విష్ణుకు తెలుసు. పాత కంపెనీలో ఇట్లాంటివి చూశాడు. పెద్ద మీటింగు పెట్టేవారు. తెర మీద పేరు పడేది. ఆ పేరు గలవాడు తప్ప మిగతావాళ్లంతా హాయిగా గాలి పీల్చుకునేవారు. అతను కూడా పీల్చుకున్నవాడే. ఇప్పుడు తల వంచుకుని కూర్చున్నాడు. వినీతకు ఏం చెప్పాలా అని అప్పుడే మాటలు వెతుక్కుంటున్నాడు.

"ఎవరు చేసిండ్రు అని నేను అడగ" అంది రబియా. "ఎవరి చెయ్యి తగిలినా గిట్లనే అయ్యేటట్టు మన కాడ ఏముండె? గది చెప్పుండ్రి."

కింద ఆస్పత్రిలో ఒక పసివాడు ఏడుస్తున్నాడు.

"నేను సూసి సరే అన్న అక్కా" అంది అంకిత. "అన్న రాసిండు, నేను సదివిన. ఇద్దరం సూసినం, ఇద్దరికీ కనవడలె. అంటే మూడో మనిషొచ్చినా కనవడకపోవు."

విష్ణు తలెత్తి ఆమె వైపు చూశాడు. ఎవరూ అడగలేదు. ఆ పిల్ల తప్పించుకోవచ్చు. తనంత తానుగా వచ్చి అతని పక్కన నిలబడింది. పదహారేళ్లలో అతని కోసం ఎవరూ చేయని పని అది. అతను కూడా ఎవరి కోసమూ చేయలేదు.

ఆ సాయంత్రంలోగా రెండు రకాల నంబర్లనూ వేరువేరు గదుల్లో పెట్టినట్టు విడదీశారు. ఇద్దరు కలిసి ఒప్పుకుంటే తప్ప అసలు వాటికి కబురు వెళ్లకుండా తలుపులు బిగించారు. రబియా లేస్తూ అంది: "రేపు పొద్దుగాల్ల అందరం గంగ కాడికి పోదాం. మాఫీ ఫోన్ల అడిగితే అడిగినట్టు కాదు."

మర్నాడు ఆర్మూరు దాటి, పోచంపాడ్ నుంచి నది వెంట దిగువకు వెళ్లారు. మలుపు తర్వాత చేపలు పట్టి బతికే గంగపుత్రుల వాడ ఒకటుంది. నదిలో నీళ్లు తక్కువగా ఉన్నాయి. నల్లని బండలు, వాటి మధ్య మడుగులు, మడుగుల్లో తెప్పలు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దమనిషి పేరు రామ్‌దాస్. వీళ్లను చూడగానే లేచాడు.

"మీరేనా గా ఫోన్ల తోటి ఉరికిచ్చినోళ్లు?"

"మేమే" అని విష్ణు ముందుకు వచ్చాడు. "నాతోని తప్పయింది పెద్దమనిషీ. మాఫ్ చెయ్యుండ్రి."

"మాతోని" అంది రబియా వెనక నుంచి.

రామ్‌దాస్ కోపం ఒక్కసారిగా ఎక్కడికో పోయింది. క్షమాపణ చెప్పడానికి అంత దూరం నుంచి ఇంతమంది రావడం అతను అనుకోనిది. "నేనైతే ఉరికిన" అన్నాడు. "వల ఇడిసిపెట్టి, చెప్పులు సుత ఇడిసిపెట్టి ఒడ్డెక్కిన. గంగ రాలె. గది మంచిదే గని, ఒడ్డు మీద నిలవడి ఎనకకు సూస్తే నేనొక్కన్నే ఉన్న. మిగిలినోళ్లంత నీళ్లల్లనే ఉన్నరు."

"వాళ్లకు ఫోన్ రాలేదా?" అడిగాడు విష్ణు. వచ్చిందని అతనికి తెలుసు. పచ్చ చుక్కలన్నీ వెలిగాయి.

"వచ్చింది. ప్రియమైన ప్రజలారా అనంగనే కట్ చేసిండ్రు. గట్ల మాట్లాడేటోళ్లు లోన్లు ఇస్తమంటరు, లాటరీ తగిలిందంటరు. ఎవలింటరు తమ్మీ?"

విష్ణు మడుగుల వైపు చూశాడు. నిన్న నిజంగానే నీళ్లు వచ్చి ఉంటే? పచ్చ చుక్కలన్నీ వెలిగి ఉండేవి. ఆఫీసులో అందరూ పని బాగా జరిగిందని ఇంటికి వెళ్లేవారు. మడుగుల్లో మనుషులు ఉండేవారు. తను చేసిన పొరపాటుకు నిన్నటి నుంచి కుమిలిపోతున్నాడు. ఆ పొరపాటే జరగకపోతే ఈ మాట ఎవరికీ తెలిసేది కాదు. రబియా మొహం చూశాడు. అదీ పాలిపోయి ఉంది.

అప్పుడు రామ్‌దాస్ ఇంటి నుంచి అతని భార్య రుక్మాబాయి బయటికి వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంది. కొంగు బొడ్లో దోపుకుని, నీళ్ల అంచున ఒక బండ మీద నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది. బువ్వ వేళయింది. అవతల చేపలు పట్టేవాళ్లను పిలవాలి.

"ఓ..."

అది అరుపు కాదు. రొమ్ము లోపల ఎక్కడో కింది నుంచి మొదలై, మెల్లగా లేచి, లేచినకొద్దీ సాగి, నీళ్ల మీదుగా వెళ్లిపోయింది. అవతలి గట్టు దాన్ని పట్టి తిరిగి పంపింది. దూరాన బండల మీద వంగి ఉన్న మనుషులు ఒకరి తర్వాత ఒకరు నడుము ఎత్తారు. మడుగులో తెప్ప మీద ఉన్నవాడు తెడ్డు ఆపి ఇటు తిరిగాడు. నీళ్లలో మునిగి ఉన్న బర్రెలు కూడా తలలు తిప్పాయి.

విష్ణు ఆమె నిలబడ్డ బండ దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, జెర ఇంకొకసారి పిలువుండ్రి" అన్నాడు.

"ఎందుకు తమ్మీ? అందరు వస్తనే ఉన్నరు గద!" అని ఆమె నవ్వింది.

ఆమె గొంతును ఫోన్లో పెట్టాలన్న ఆలోచన విష్ణుది. ఆమెను ఒప్పించడానికి రబియా కావలసి వచ్చింది, గొంతు పట్టడానికి అంకిత కావలసి వచ్చింది. మొదట ఇంట్లో కూర్చోబెట్టి రికార్డు చేయబోతే రుక్మాబాయి గొంతు పెగల్లేదు. "ఎదురుంగ మనిషి లేకుంటే గొంతెట్ల లేస్తది?" అంది. అందుకని రామ్‌దాస్ తెప్ప మీద అవతలికి వెళ్లి బండ ఎక్కి నిలబడ్డాడు. అంకిత పైట చెంగు గాలికి అడ్డం పెట్టి ఫోన్ పట్టుకుంది. రుక్మాబాయి మొగుణ్ని చూసి, నిజంగానే అతని వెనక నీళ్లు వస్తున్నట్టు పిలిచింది.

"ఓ... గంగస్తున్నది! ఒడ్డెక్కుండ్రి... ఓ..."

పిలుపు ముగిసే లోపే రామ్‌దాస్ తెలియకుండానే బండ దిగి రెండడుగులు వేశాడు. తర్వాత నవ్వుకుంటూ ఆగిపోయాడు.

ఆఫీసుకు వచ్చి విష్ణు తను రాసినదానిలో చాలా భాగం తీసేశాడు. ప్రియమైన ప్రజలారా పోయింది. ఫోన్ ఎత్తగానే మొదటి శ్వాసలోనే రుక్మాబాయి. ఆ తర్వాతే ఎన్ని గంటలకు, ఏ ఊరు అనే వివరం, ఒకసారి తెలుగులో, ఒకసారి రబియా గొంతులో ఉర్దూలో. ఎత్తి వినకపోతే చుక్క పచ్చగా మారకూడదని, వినేదాకా పిలుస్తూనే ఉండాలని అంకిత పట్టుబట్టింది. నీళ్లు ముందు చేరే పల్లెను ముందు పిలిచేలా ఇద్దరూ కలిసి వరుస కట్టారు. అట్లా చేస్తే ఏమవుతుందని ఇప్పుడు విష్ణు అడిగేవాడు, అంకిత చెప్పేది.

ఆ రోజుల్లోనే బెంగుళూరు నుంచి అతనికి ఫోన్ వచ్చింది. పెద్ద కంపెనీ, పాత హోదా. సోమవారంలోగా చెప్పమన్నారు. రబియాకు దాచకుండా చెప్పాడు.

"పోవాలనుంటే పోండ్రి భాయ్. మీ గురించి ఎవరడిగినా మంచి మాటే చెప్త" అంది ఆమె. "కానీ గేట్లు ఎత్తే రోజు దాక ఉండుండ్రి. చేసిన పని ఒక్కసారి కండ్లతోని సూసి పోండ్రి" అంది.

ఆ వారమే పైన మహారాష్ట్రలో వానలు కురిసి ఆనకట్ట నిండింది. ఆదివారం పొద్దున గేట్లు ఎత్తుతామని జిల్లా ఆఫీసు కబురు పంపింది. రబియా ఆఫీసులో ఉండిపోయింది. విష్ణు, అంకిత తెల్లవారేసరికి గంగ ఒడ్డుకు చేరుకున్నారు.

మబ్బు పట్టి ఉంది, గాలి ఎదురుగా కొడుతోంది. మలుపు అవతల సైరన్ మోగిందో లేదో, ఇక్కడికి ఏమీ వినబడలేదు. నదిలో మనుషులు వాళ్ల వాళ్ల పనుల్లో ఉన్నారు. మడుగుల్లో మూడు నాలుగు తెప్పలు. అవతలి వైపు ఒక ముసలాయన బర్రెల్ని దాటిస్తున్నాడు. రుక్మాబాయి కట్ట మీద నిలబడి ఉంది. ఆ రోజు ఆమె నోటి దగ్గరికి చేతులు తీసుకెళ్లలేదు. ఆమెకు కూడా చూడాలని ఉంది.

విష్ణు ఫోన్ మోగింది. రబియా. "పంపుతున్న" అంది. అంతే.

మొదటి ఫోన్ ఎగువన ఎక్కడో మోగింది. తర్వాత దగ్గరి తెప్ప మీద, ప్లాస్టిక్ కవర్లో కట్టి మెడకు వేలాడదీసుకున్న ఫోన్ మోగింది. తెప్ప మీదివాడు, చేతులు తడిగా ఉన్నవాళ్లంతా చేసినట్టే, స్పీకర్ మీద పెట్టి విసుగ్గా తీశాడు. తీసిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

"ఓ... గంగస్తున్నది..."

ఇంకో తెప్ప. ఇంకో బండ. అవతలి ఒడ్డున బర్రెల ముసలాయన నడుముకున్న ఫోన్. కట్ట వెనక ఇళ్లలో నుంచి. దిగువన, చూపు ఆనని చోటి నుంచి. ఒకే గొంతు, ఒకదాని వెనక ఒకటిగా, ఒక పల్లెలో ముగుస్తుండగానే పక్క పల్లెలో మొదలవుతూ, నది వెంట కిందికి నడిచి వెళ్తోంది. మనుషులు లేచారు. వలలు వదిలిన వాళ్లు వదిలారు, చుట్టి భుజాన వేసుకున్న వాళ్లు వేసుకున్నారు. తెప్పలన్నీ ఒకేసారి మొహం తిప్పాయి. ముసలాయన కర్ర ఊపుతూ బర్రెల్ని వెనక్కి మళ్లించాడు.

రుక్మాబాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆమె గొంతు నీళ్ల మీదుగా ఆమె దగ్గరికే వస్తోంది.

విష్ణు అక్కడే కట్ట మీద కూర్చున్నాడు. తను రాసింది ఏమిటో అతనికి తెలుసు. ఏ వరుస తర్వాత ఏ వరుస నడుస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. అయినా ఎదురుగా కనిపిస్తున్నది తను రాసిందిలా లేదు. ఒక పొట్టి మనిషి నది అంత పొడుగు అయి, తన వాళ్లందరి భుజాల మీద ఒకేసారి చెయ్యి వేసినట్టు ఉంది.

చివరి తెప్ప ఒడ్డు తాకింది. రామ్‌దాస్ దాన్ని పైకి లాగాడు. నదిలో ఎవరూ లేరు.

ముందు చప్పుడు వచ్చింది. తర్వాత మలుపు దగ్గర తెల్లగా, బురద రంగుగా, చెట్ల కొమ్మల్ని మోసుకుంటూ గంగ వచ్చింది. కాసేపటి కింద మనుషులు నిలబడిన బండలు ఒక్కొక్కటే మునిగాయి. మడుగులు కలిసిపోయాయి. నేల అదురుతోంది, చెప్పుల్లో నుంచి పాదాలకు తెలుస్తోంది. తుంపర మొహాన కొడుతోంది. అంకిత ఏడుస్తోంది, లేక తుంపరే కావచ్చు. ఒడ్డున నిలబడ్డవాళ్లలో ఒక ముసలమ్మ నీళ్లకు దండం పెట్టింది. పక్కన నిలబడ్డ వాళ్లు ఆమెను చూసి చేతులు జోడించారు. విష్ణు చేతులు కూడా జోడించి ఉన్నాయి, ఎప్పుడు జోడించాడో అతనికి తెలియదు.

ఫోన్ మళ్లీ మోగింది. "విష్ణు భాయ్, ఈడ అందరివి పచ్చగ అయినయి. ఆడ? ఆడ ఎట్ల ఉంది?" అడిగింది రబియా.

చెప్పబోయాడు. ఫోన్ చెవి నుంచి తీసి, చెయ్యి చాచి, నది వైపు పట్టుకున్నాడు. చాలాసేపు అట్లాగే పట్టుకున్నాడు.

బోధన్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారిలో చెరకు తోటలు, వరి మడులు, వాన నీళ్లు నిలిచిన బాటలు. అతను వాటిని చూశాడో లేదో. వినీత అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆమెకు జరిగింది చెప్పడం మొదలుపెట్టాడు. బండలన్నాడు, తెప్పలన్నాడు, గొంతన్నాడు, మళ్లీ మొదటికి వచ్చాడు. పళ్లెంలో అన్నం ఆరిపోయింది.

"నాకు చెప్పస్తలేదు" అన్నాడు చివరికి.

"బెంగుళూరోళ్లకు ఏం చెప్తవ్ మరి?"

"రానని చెప్పిన. బస్సులకెళ్లే చెప్పిన."

ఆమె చల్లారిన పళ్లెం పక్కకు జరిపింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను తన పని గురించి ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదలు.

"రేపు బడికి సెలవు పెడ్త" అంది. "నన్ను తీస్కపో."

మర్నాడు తీసుకెళ్లాడు. గంగ ఇంకా నిండుగానే పోతోంది, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఎర్రగా, ఎక్కడా ఆగకుండా. రుక్మాబాయి వాళ్లను చూసి పొయ్యి మీద చేపల కూర దించి వచ్చింది. వినీత ఆమె పక్కన కట్ట మీద నిలబడి చాలాసేపు నీళ్లను చూసింది.

"గీ నీళ్లల్లనేనా మనుషులు ఉండె?" అని అడిగింది మెల్లగా.

"గా నడుమల ఉండె సూడు చెల్లె, గాడ" అని రుక్మాబాయి చెయ్యి చాచి చూపించింది. ఆమె చూపించిన చోట ఒక పెద్ద చెట్టు, వేళ్లతో సహా, సుళ్లు తిరుగుతూ కొట్టుకుపోతోంది.